ముత్యాలు వాళ్ళక్క

పొద్దున్న గోల్‌బజార్లో ఎండుచేపల కొట్టు ముందు నిలబడి ఉండగా ఫోన్లో కబురొచ్చింది. ఆవిడ భర్త పంపాడు, వాళ్ళ దేశం నుంచి. మొన్న శనివారం ఆవిడ పోయిందట. ఏడాదిగా జబ్బుతో ఉన్నా ఎవరికీ చెప్పనివ్వలేదట. 'మీ అత్తగారికి మీరే చెప్పండి, నాకు ధైర్యం చాలదు' అని చివర్న రాశాడు. కొట్టువాడు తూకం పట్టుకుని "ఔర్ కుఛ్, దాదా?" అని ఇంకేం కావాలో అడుగుతున్నాడు. నెత్తళ్ళ పొట్లం సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని, ఎక్కకుండా నడిపించుకుంటూ మా పేట తాల్‌బగీచా దాకా వచ్చాను. దారిలో ఏడుపు రాలేదు. మా ఇంటి మెట్లు చూడగానే వచ్చింది.

లోపల మా అత్త ఉంది. మా నాన్న చెల్లెలు. వయసు ఎనభైకి ఒకటో రెండో తక్కువ. మా అత్తకి ఈ కబురు చెప్పడం మామూలుగా చావు కబురు చెప్పడం లాంటిది కాదు. ఎందుకు కాదో తెలియాలంటే పోయినావిడ ఎవరో చెప్పాలి. కాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆవిడ కథలు రాసే మనిషి. ఆఫ్రికాలో జాంబియా దేశం. మా ఊరొచ్చేనాటికే ఒక కథల పుస్తకం, ఒక చిన్న నవల అచ్చయి ఉన్నాయి. అక్కడ బడిపిల్లలు ఆవిడ కథలు చదువుకుంటారని చాలాకాలానికి, అదీ భర్త చెబితే, మాకు తెలిసింది. మా వీధిలో ఆవిడ పేరే ఎవరికీ తెలియదు. అందరికీ 'ముత్యాలు వాళ్ళక్క'. అందుకు ఆవిడేమీ చిన్నబుచ్చుకోలేదు. తమ వైపు కూడా ఆడమనిషిని పేరు పెట్టి పిలవరనీ, ఫలానా వాళ్ళమ్మ, ఫలానా వాళ్ళక్క అంటారనీ చెప్పి, ఎవరు పిలిచినా పలికేది. చిక్కల్లా ఆ ముత్యాలుతోనే వచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మాది తెలుగువాళ్ళం రైల్వే పనులకి వలసొచ్చి స్థిరపడ్డ పైరాష్ట్రపు ఊరు. ఆవిడ భర్త ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో పైచదువుకి వచ్చాడు. పెళ్ళయినవాళ్ళకిచ్చే క్వార్టర్లు ఖాళీ లేక బయట ఇల్లు వెతుక్కుంటున్నారు. మా గేటు దగ్గరికి వచ్చేలోపే అయిదారు ఇళ్ళవాళ్ళు లేదనేశారట. నేనేదో గొప్పవాణ్ణని చెప్పుకోను. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, మొహం మీద లేదనడం చేతకాదు. "చూసి చెప్తాను" అన్నాను. ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఆయన తలూపి వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో మా అత్త నెత్తళ్ళు వేయిస్తోంది. ఆవిడ గేటు దగ్గర ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చి "కపెంటా" అంది.

వాళ్ళ దేశపు పెద్ద సరస్సుల్లో పట్టి ఎండబెట్టే చిన్న చేపలట అవి. నన్ను దాటుకుని నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అక్కడ మోకాళ్ళు కాస్త వంచి, రెండు అరచేతులూ దొప్పలా చేసి, చప్పుడయీ కానట్టు రెండుసార్లు తట్టింది. పెద్దవాళ్ళకి వాళ్ళ నమస్కారం అది. మా అత్త గరిటె పట్టుకుని ఎగాదిగా చూసింది.

"ఏటే పిల్లా, ఆకలేస్తన్నాదేటి?"

భాష అర్థం కాకపోయినా ఆవిడ తలూపింది. మా అత్త కంచంలో అన్నం పెట్టి, నెత్తళ్ళు వేసింది. ఆవిడ నేల మీద కూర్చుని, తలకాయలు కూడా వదలకుండా తిని, కంచం తనే కడిగి బోర్లించింది.

"తలకాయల్తో సహా తిన్నాదిరా. ఇది మన పిల్లే. గది కాళీగానే ఉన్నాది గదా, ఇచ్చీ" అంది మా అత్త.

ఇచ్చాను. నా పరువు ఆ విధంగా దక్కింది.

మూడేళ్ళు ఉన్నారు మా ఇంట్లో. ఆవిడ నిలబడి రాసేది. భర్తకి టేబుల్ ఉంది, కుర్చీ ఉంది. ఆవిడ మాత్రం వంటగట్టు మీద ఒక పక్క ఉల్లిపాయలు, ఒక పక్క బడిపిల్లల నోటుబుక్కూ పెట్టుకుని, పెన్సిలుతో రాసేది. కూర్చుంటే మాటలు కూడా కూలబడిపోతాయట. రాయడం ఆగినప్పుడల్లా పెన్సిలు జుట్టులో దోపుకుని బయటికొచ్చేది. ఆ జుట్టులో ఎన్ని పెన్సిళ్ళు ఉండేవో ఆవిడకే తెలిసేది కాదు. వాళ్ళ నాన్న అక్కడి రైల్వేలో గార్డు. అందుకని యార్డు వైపు నుంచి ఏ కూత వినిపించినా తల ఎత్తి, షంటింగా, లైను క్లియరా అని నాతో పందెం వేసేది. సగం సార్లు నేనే ఓడిపోయేవాణ్ణి. ఇన్నేళ్ళు రైల్వేలో ఉండి ఓడిపోవడం ఏమంత సంతోషం కాదు, అయినా నాకు సంతోషంగానే ఉండేది.

నవ్వొస్తే నోటికి కాదు, కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకునేది. వీధిలో జనం తేరిపార చూసేవారు. మా ఊళ్ళో అన్ని భాషలవాళ్ళూ ఉన్నారని గొప్పలు పోతాం గానీ, చూపులకేం లోటు లేదు. ఒకసారి నిమ్‌పురా వైపు వెళ్తుంటే టీకొట్టు దగ్గర నలుగురు మొగాళ్ళు ఏదో అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ వాళ్ళ ముందు ఆగి, ఒక్కొక్కడికీ విడివిడిగా మోకాళ్ళు వంచి, చేతులు తట్టి, కుశలమడిగింది. నాలుగోవాడి దాకా వచ్చేసరికి మొదటివాడు లేచి నిలబడ్డాడు. తర్వాత ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా "ఆయియే దీదీ" అని బెంచీ తుడిచేవారు.

నాతో ఇంగ్లీషులో మాట్లాడేది, ఇక్కడివాళ్ళలా అన్నా అనడానికి 'దాదా' అనేది. తెలుగు మాత్రం మా అత్త దగ్గర నేర్చుకుంది. కాబట్టి ఆవిడ తెలుగంటే మా అత్త తెలుగే. మొదటిసారి మా ఆవిణ్ణి "ఏటమ్మా, ఎల్తన్నావేటి?" అని పలకరిస్తే మా ఆవిడ సంచీ కింద పడేసి నవ్వింది.

ఇక అసలు సంగతి. ఆవిడ రాస్తున్నది ఒక నవల. అప్పటికే ఎనిమిదేళ్ళుగా రాస్తోంది. అందులో ముతాలే అని ఒకమ్మాయి. రైల్వే కాలనీలో ఒంటరిగా ఉంటుంది, మొగుడు రాగి గనుల్లో పనికిపోయాడు, కడుపుతో ఉంది. ఆవిడకో పద్ధతి ఉండేది. తన కథలో మనుషుల గురించి ఊళ్ళో మనుషుల్ని అడిగేది, అదీ వాళ్ళు పక్కవీధిలో ఉన్నట్టుగా. కూరగాయలమ్మని, "ముతాలేకి పొద్దున్నుంచీ వికారంగా ఉంది, ఏం వండుకుంటుంది?" అనేది. రిక్షావాణ్ణి, "అంత బరువుతో మనిషి ఎంతదూరం నడుస్తుంది?" అనేది. గోల్‌బజార్‌కి వెళ్తే ముతాలే కోసం గాజులు కొనేది, చెప్పులు కొనేది. చేత్తో పట్టుకుంటే గానీ రాయడం రాదట. ఒకరోజు పసిపిల్లల చొక్కాలు మూడు కొని తెచ్చి, ఉతికి మా దండెం మీద ఆరేసింది.

మా అత్త పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డులో ఆయాగా ముప్పై ఏళ్ళు చేసింది. ఈ ఊరి తెలుగువాళ్ళలో చాలామంది ముందు ఆ చేతుల్లో పడి తర్వాత తల్లి ఒళ్ళోకి వెళ్ళినవాళ్ళే. రిటైరయ్యాక మా అత్తని ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. రోజంతా గోడకి ఆనుకుని కూర్చునేది. అలాంటి మనిషి పక్కన రోజూ మధ్యాహ్నం ఆవిడ చేరి, బియ్యంలో రాళ్ళేరుతూ అడిగేది.

"అత్తా, ముత్యాలుకి కాల్లు వాసినాయి."

ముతాలే మా అత్త నోట్లో పడి మొదటి రోజే ముత్యాలు అయిపోయింది. ఆవిడా అలాగే అనడం మొదలుపెట్టింది.

"ఉప్పు తగ్గించమను. ఎడమ పక్కకి తిరిగి తొంగోమను. మొగుడెక్కడ సచ్చినాడు?"

"గనిలోన ఉన్నాడు."

"ఉత్తరం రాయమను ఎదవకి. మరి ముత్యాలు నీకేటవుతాదే?"

ఆవిడ కొంచెం ఆలోచించి, "సెల్లెలు అత్తా. ఎనిమిదేల్లయి నా కూడానే ఉన్నాది" అంది.

ఆవిడ మటుకు అబద్ధమాడాననుకోలేదు. తను రచయిత్రినని మా అత్తకి తెలుసుననే ఆవిడ నమ్మకం. రోజూ కళ్ళముందే రాస్తోంది కదా. మా అత్తకి మాత్రం మనిషన్నవాళ్ళు అంతేసి రాసేది ఉత్తరాలే. "ఎంత పొడుగు ఉత్తరాలు రాస్తన్నాదిరా! సెల్లెలి మీద ఎంత బెంగో పాపం" అనేది నాతో. నేను నవ్వి ఊరుకున్నాను.

అదే నేను చేసిన తప్పు. నాకు ముందే తెలుసు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితాలు నాకు ఇచ్చి చదవమనేది. నవల మొదటి వాక్యమే ఇలా ఉండేది: 'చనిపోయిన రోజు పొద్దున కూడా ముతాలే బట్టలుతికి ఆరేసింది.' మొదటి వాక్యంలో చావు ఖాయమైన మనిషికి మా అత్త పథ్యాలు చెబుతోంది. చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ మా అత్త గోడ వదిలి లేచి తిరుగుతోంది, గట్టిగా మాట్లాడుతోంది, "ముత్యాలుకి ఎలాగున్నాదో అడుగు" అని పొద్దున్నే నన్ను తరుముతోంది. ఎందుకు పాడుచెయ్యాలి అనుకున్నాను. పైగా, నిజం చెప్పొద్దూ, నాకు భలే సరదాగా ఉండేది.

నవలలు నెలల లెక్కన నడవవు. ఒక్కోసారి నెలంతా రాసినా ముతాలే రోజు ఒక్కపూట కూడా ముందుకి జరగదు. మా అత్త లెక్క మాత్రం వార్డు లెక్క. వేళ్ళ మీద కణుపులు ఎంచుకుంటూ ఉండేది. తొమ్మిది నిండాయి. పది నిండాయి. అన్నం సరిగ్గా తినడం మానేసింది.

"ఒరే, దానికి ఇంకా నీలాడనేదేటిరా? పదకొండో నెల పడినాది. నా సర్వీసులో ఇలాటిది సూణ్ణేదు. డాక్టరుకి సూపించినారేటి?"

"అక్కడి లెక్కలు వేరత్తా" అన్నాను. కడుపులో నవ్వు ఆపుకుంటున్నాను.

"ఆడదాని కడుపు ఏ దేసంలోనైనా ఒకటేరా!" అని కసిరింది.

మర్నాడు చూస్తే దేవుడి పటం కింద పసుపు గుడ్డలో ముడుపు కట్టి ఉంది. ఎండాకాలంలో ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా తెలుగువాళ్ళు మాతా పూజ చేస్తారు. మొక్కుకున్న ఆడవాళ్ళు నెత్తి మీద ఘటం పెట్టుకుని, చెప్పుల్లేకుండా వీధులన్నీ తిరిగి అమ్మవారి దగ్గర దించుతారు. తల్లీ పిల్లా క్షేమంగా బయటపడితే ఘటం ఎత్తుతానని మా అత్త మొక్కేసింది. అప్పటికి డెబ్బై అయిదు దాటిన వయసు. మోకాళ్ళు రెండూ అరిగిపోయి, బాత్రూముకి గోడ పట్టుకుని వెళ్ళే మనిషి.

ఆ సాయంత్రం ఆవిడ ఆ ముడుపు చూసి, బయటికొచ్చి, మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"అదేమిటి దాదా?"

నవ్వుతూనే చెప్పాను. పదకొండో నెల సంగతీ చెప్పాను. ఆవిడ కూడా కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

"ఆవిడ నా పుస్తకం గురించి బెంగపెట్టుకుని అన్నం మానేస్తే, మీరు చూసి నవ్వుకున్నారా?"

గొంతు పెంచలేదు. జుట్టులోంచి పెన్సిలు తీసి చేతిలో తిప్పుతూ ఉండిపోయింది. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ ఆ మెట్టు మీద కూర్చుంటే సిగ్గేస్తుంది.

"నేనూ తక్కువ తినలేదు లెండి. ఆవిడ దగ్గర్నుంచి అన్నీ తీసుకున్నాను. ఆవిడేమనుకుంటోందో ఒక్కసారీ ఆలోచించలేదు" అంది చివరికి. "రేపు నేనే చెప్పేస్తాను. మీరు పక్కన ఉండండి."

మర్నాడు మధ్యాహ్నం మా అత్త చేటలో నెత్తళ్ళు పోసుకుని శుభ్రం చేస్తోంది. ఆవిడ వచ్చి, మోకాళ్ళు వంచి, చేతులు తట్టింది. రోజూ చేసేదే. కానీ ఆరోజు లేవకుండా అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది.

"అత్తా, ముత్యాలు..."

మా అత్త చేతిలో చేప చేతిలోనే ఆగిపోయింది. వార్డు తలుపు తెరిచి బయటివాళ్ళకి కబుర్లు చెప్పీ చెప్పీ, ఏ కబురు ఎలా మొదలవుతుందో తెలిసిన మనిషి. చేట పక్కకి తోసి, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో ఆవిడ భుజం పట్టుకుంది. ఆ మొహంలో రక్తం లేదు. నేను గుమ్మంలో ఉన్నాను.

ఆవిడ ఆ మొహం వంక చూసింది.

"ఆడపిల్ల, అత్తా. ఇద్దరూ బాగున్నారు" అంది.

"బరువెంత?" వెంటనే అడిగింది మా అత్త.

"మూడు కిలోలు."

"ఎంటనే ఏడ్సినాదా?"

"ఏడ్సినాది. గట్టిగా."

అప్పుడు ఊపిరి వదిలింది మా అత్త. ఆవిణ్ణి దగ్గరికి లాక్కుని, చేపల చేతుల్తోనే మొహమంతా తడిమి, "ఎంత బయపెట్టినావే, ముండా" అని ఏడ్చి, నవ్వి, లేచి పంచదార డబ్బా కోసం వెళ్ళింది. వీధిలో నలుగురికి పంచదార పెట్టాక గానీ కూర్చోలేదు. అప్పట్నుంచే ఆవిడ అందరికీ ముత్యాలు వాళ్ళక్క అయింది.

బయటికొచ్చాక అడిగాను, చెప్తానన్నారు కదా అని.

"ఆ మొహం చూశారా? నేను కాగితం మీద ఎంతమందినైనా చంపగలను దాదా. ఆవిడ ఎదురుగా ఆ మాట అనలేకపోయాను" అంది. తర్వాత గదిలోకి వెళ్ళి, వారంపాటు ఒక్క ముక్క రాయలేదు.

మొక్కు తీరింది కాబట్టి ఘటం ఎత్తాలి. నేను వద్దన్నాను, మా ఆవిడ వద్దంది, పూజ చేయించే పెద్దలు కూడా వయసుని బట్టి మినహాయింపు ఉందన్నారు. మా అత్త వినలేదు. "మొక్కింది నేను. అమ్మోరు విన్నాది, పేనం నిలబెట్టినాది. ఇప్పుడు మోకాల్లు నొప్పులంటే ఊరుకుంటాదేటి?"

ఆరోజు ఎండ చెప్పడానికి లేదు. పసుపు పూసి వేపాకు చుట్టిన ఘటం నెత్తి మీద పెట్టుకుని మా అత్త ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లోంచి నడిచింది. ముందు డప్పులు. గుమ్మాల్లో ఆడవాళ్ళు కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తున్నారు. మా అత్త పక్కనే ఆవిడ, మోచెయ్యి పట్టుకుని, తనూ చెప్పుల్లేకుండా. వాళ్ళ దేశపు పువ్వుల గుడ్డ నడుముకి చుట్టుకుంది. ఆవిణ్ణి చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఆవిడ మొహం చూసి చూపు తిప్పుకున్నారు. ఆ రోడ్డు మీద అసలు సంగతి తెలిసినవాళ్ళం మేమిద్దరమే. పుట్టని పిల్ల కోసం, లేని తల్లి కోసం మా అత్త నడుస్తోంది.

తారురోడ్డు మీదికి వచ్చాక మా అత్త కాలు మడతపడింది. ఘటం ఒరిగింది. నేను పరిగెత్తుకెళ్ళి పట్టుకోబోతే చేత్తో తోసేసింది. ఒకసారి ఎత్తిన ఘటం దారిలో దించకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. మోకాలు వణుకుతోంది. ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"అత్తా, దించీ. నానొక మాట సెప్పాల. ముత్యాలు గురించి..."

"మాటాడకే! గటం మీద ఉండగా మాటాడకూడదు. నడు."

నడిచింది. అమ్మవారి దగ్గరికి చేరేసరికి ఇద్దరి కాళ్ళూ బొబ్బలెక్కాయి. ఘటం దించి, నీళ్ళు తాగి, మా అత్త అడిగింది, "ఏటో సెప్తానన్నావేటే?"

ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"నీల్లు కావాలేటని అడుగుదామనుకున్నాను అత్తా."

ఆ రాత్రి ఇంట్లో మా అత్త పాదాలకి ఆవిడే కొబ్బరినూనె రాసింది. తన కాళ్ళకి ఎవరూ రాయలేదు. నేను సీసా అందిస్తే, "నా కథలో మనిషి కోసం ఇంకొక మనిషి ఇంత దూరం నడవడం ఎప్పుడూ చూడలేదు దాదా" అని, నూనె రాసుకోకుండానే సీసా పట్టుకుని కూర్చుంది.

చదువు పూర్తయి వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆ మూడు పసిచొక్కాలు మా అత్త తనే మడతపెట్టి ఆవిడ పెట్టెలో సర్దింది. ఏడాదిన్నరకి నవల పోస్టులో వచ్చింది. అట్ట మీద ఆవిడ పేరు పెద్దక్షరాల్లో ఉంది. నేను మొదటి పేజీ తిప్పాను. అదే వాక్యం. మార్చలేదు. గబగబా చివరికి వెళ్ళాను. ముతాలే చనిపోయింది.

చాలా కోపమొచ్చింది నాకు. మా అత్త మోకాళ్ళు గుర్తొచ్చాయి. రెండు రోజులు ఆ పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత మొదట్నుంచీ నెమ్మదిగా చదివాను. నేను టైపు కాగితాల్లో చూడని మనిషి ఒకామె ఆసుపత్రి అధ్యాయంలో ఉంది. ముసలి ఆయా. ఎక్కడి నుంచో వచ్చి ఆ రైల్వే ఊళ్ళో స్థిరపడిన మనిషి, మోకాళ్ళు నొప్పి. ముతాలేని ఒక్క నిమిషం వదలకుండా కూర్చుంటుంది. పిల్ల పుట్టగానే ముందు బరువు అడుగుతుంది. మూడు కిలోలు. ఆడపిల్ల. వెంటనే ఏడుస్తుంది. తల్లి ఆ ఏడుపు విన్నాకే పోతుంది. పాత కాగితాల్లో ముతాలే కడుపులో పిల్లతో సహా, ఒంటరిగా, నేల మీద, ఎవరూ చూడకుండా పోయేది.

ఆవిడకి రాశాను, చదివానని, అత్తకి చెప్పలేదని. జవాబు చిన్నది. 'ఎంత ప్రయత్నించినా బతికించలేకపోయాను దాదా. పిల్లని మాత్రం మీ అత్త నాచేత బతికింపజేసింది.' అంతే.

మా అత్త ఆ పుస్తకాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకుంది. ఇంగ్లీషు రాదు, చూపు కూడా ఆనదు. వారానికోసారి పమిటతో దుమ్ము తుడుస్తుంది.

"ఇందల ఏటి రాసినాదిరా?"

"నీ గురించి కూడా ఉందత్తా."

"నా గురించి ఏటున్నాది రాయడానికి? ముత్యాలు ఉన్నాదా?"

"ఉంది."

"బాగున్నాదా?"

"టీ పెట్టమంటావా?" అనేవాణ్ణి నేను. ఇన్నాళ్ళూ అలాగే తప్పించుకొచ్చాను. అబద్ధం ఆవిడ ఆడింది, నేను నోరు మూసుకున్నాను, అంతే తేడా.

మెట్ల మీద ఎక్కువసేపు కూర్చుంటే లోపల్నుంచి కేక వస్తుంది. వచ్చింది.

"ఒరే, నెత్తల్లు దొరికినాయేటి? అక్కడే ఉండిపోనావేటి?"

లోపలికెళ్ళి మా అత్త మంచం పక్కన కింద కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని చెప్పాను, సాగదియ్యకుండా. మా అత్త కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెంపల ముడతల్లోకి జారాయి. వీధిలో గ్యాసు బండివాడు గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

"అప్పుడు దగ్గర ఎవులున్నారు?" అంది కళ్ళు తెరవకుండానే.

"మొగుడున్నాడు."

"మొగుడు సరేరా. ముత్యాలుకి కబురెట్టినారా?"

ఇక టీ పెట్టమంటావా అనడానికి లేదు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదనీ తెలుసు. మా అత్త కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"కబురెందుకత్తా? ముత్యాలు పక్కనే ఉంది. ఆఖర్న చెయ్యి పట్టుకుంది ముత్యాలే."

మా అత్త పమిటతో కళ్ళు తుడుచుకుంది. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

"సూసినావా మరి? ఆ రోజు అది బతకబట్టి గదరా, ఈ రోజు దీనికి తోడబుట్టిందొకత్తి దగ్గరున్నాది" అంది.

"అవునత్తా" అన్నాను.